నిండుకున్న కరక్కాయలు

ఆ రోజు పొద్దున పెద్దసుబ్బయ్య శెట్టి చేయాలనుకున్న పని చాలా చిన్నది. ఈ ఏటికి కరక్కాయలు అయిపోయాయని మద్రాసులోని దొరల తోళ్ల కంపెనీకి ఒక ఉత్తరం రాయించాలి. ఎండ ముదరకముందే చింతపండు గోదాము చూసి వచ్చి, భోజనం చేసి పడుకోవాలి. నల్లమల అడవిలో కాసే కరక్కాయలు ఆత్మకూరు మీదుగా బండ్లలో కర్నూలుకు వస్తాయి. శెట్టి వాటిని కొని, పోగుచేసి, రైల్లో మద్రాసుకు పంపుతాడు. తోళ్లు పదును చేయడానికి కంపెనీకి అవి కావాలి. ఆ ఏడు కాపు తక్కువ. ఉగాది వచ్చేసరికే కరక్కాయల గోదాము ఊడ్చినట్టయింది.

కష్టమంతా ఆ సంగతి రాయడంలోనే ఉంది. శెట్టి తల్లి నాగరత్నమ్మ దుకాణంలో "లేదు" అనే మాట పలకనివ్వదు. లక్ష్మి కూర్చునే చోట ఆ మాట అంటే, పైన తిరుగుతుండే తథాస్తు దేవతలు అట్లే కానిమ్మంటారని ఆమె నమ్మకం. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. దీపం ఆరిపోతే కొండెక్కిందనాలి. మనిషి వెళ్లిపోతుంటే పోయిరమ్మనాలి. ఇవి ఊళ్లో అందరూ అనే మాటలే. కాకపోతే మిగతా ఇళ్లలో అవి నోటితో ఆగిపోతాయి, ఈ ఇంట్లో ఉత్తరాల్లోకి కూడా ఎక్కాయి. నోటిమాట గాలికి పోతుంది, రాసిన మాట నిలబడిపోతుంది, కాబట్టి రాసేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలని నాగరత్నమ్మ అంటుంది.

ఇంగ్లీషు ఉత్తరాలకు అంతకుముందు ఒక గుమాస్తా ఉండేవాడు. అతను ఒకసారి తన సొంత మాటల్లో, సరుకు లేదని కంపెనీకి రాసేశాడు. ఆ వారమే చింతపండు గోదాములో ఎలుకలు కనిపించాయి. ఎలుకలు అంతకుముందు కూడా ఉన్నాయి. అయినా గుమాస్తా వెళ్లిపోవలసి వచ్చింది.

అతని చోటికి వచ్చినవాడు దావీదురాజు. మిషను బడిలో చదువుకున్నాడు. అతని ఇంగ్లీషు వ్యాకరణంలో తప్పు పట్టడానికి వీలుండదు. కాని ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కొన్నాళ్లు చూసి చెప్తానని శెట్టి అన్నాడు. కడపలో మిషను బడి పంతులు జ్ఞానరాజు తన కూతురు కృపమణిని అతనికి ఇస్తానన్నాడు గాని, ఒక షరతు పెట్టాడు. ఉద్యోగం ఖాయమైందని యజమాని చేత కాగితం రాయించి తేవాలి, ఆ తరువాతే పెండ్లి మాట. దావీదురాజు బయల్దేరేటప్పుడు కృపమణి గడపలో నిలబడి, "కాగితం తొందరగా తెచ్చుకో. నాయనకు ఇంకో సంబంధం గూడా నచ్చేటట్టుండాది" అని నెమ్మదిగా చెప్పింది. అప్పటినుంచి శెట్టి గొంతు సవరించుకున్నా దావీదురాజు లేచి నిలబడుతున్నాడు.

అరుగు మీద డెస్కు ముందు దావీదురాజు, పక్కన పీట మీద శెట్టి కూర్చున్నారు. గడపకు లోపల నాగరత్నమ్మ చాటలో కందులు ఏరుతోంది.

"మొదట ఏం రాసినావు?" అని శెట్టి అడిగాడు.

"మై డియర్ సర్ అని రాసినాను శెట్టిగారూ. నా ప్రియమైన అయ్యా అని."

నాగరత్నమ్మ చాట ఆగింది. "మొగమన్నా చూడనోడు యాడి ప్రియమప్పా?"

"ఉత్తరాల్లో అట్లనే రాస్తారవ్వా. అది మర్యాద."

"కిందేం రాస్తావు?"

"మీ విధేయుడైన సేవకుడు అని."

ఈసారి శెట్టికి కోపం వచ్చింది. "నేనెందుకు సేవకున్ని? నేనేమన్నా వానింట్లో జీతముండానా? కొట్టేయ్ దాన్ని."

"దొర గూడా మనకు అట్లనే రాస్తాడు శెట్టిగారూ. ఇద్దురూ ఒకరికొకరు సేవకులే."

"ఇద్దురూ సేవకులయితే పని చెప్పేదెవురు?" అంది నాగరత్నమ్మ.

శెట్టి అసలు సంగతికి వచ్చాడు. "రాయి. కరక్కాయలు నిండుకున్నాయి. ఈ ఏటికి పోయిరాండి."

దావీదురాజు కలం ఆగింది. "నిండుకున్నాయంటే దొరకు ఇంకోరకంగా అర్థమయితాదేమో శెట్టిగారూ. ఇంగ్లీషులో ఆ మాట వేరే. పోనీ ఉండేది ఉండేట్టు, ఇంగ్లీషులోనే కదా..."

"ఇంగిలీసయితే ఏమి?" అంది నాగరత్నమ్మ.

"తథాస్తు దేవతలకు ఇంగ్లీషు తెలీదు కదవ్వా."

"దేవతలకు రాని బాస ఉంటాదా? దొరలొచ్చి నూరేండ్లు దాటె. నీకు నాలుగేండ్లలో వచ్చినేది వాళ్లకు నూరేండ్లలో రాదా?"

శెట్టి వేలు చూపించి చెప్పాడు. "చెప్పినేది చెప్పినట్టు రాయప్పా. ఒక మాట ఎక్కువొద్దు, ఒక మాట తక్కువొద్దు. ముందోడు సొంత తెలివి పెట్టే పోయినాడు."

దావీదురాజుకు కడపలోని గడప గుర్తొచ్చింది. చెప్పింది చెప్పినట్టే రాశాడు. తమ దగ్గర కరక్కాయలు నిండుగా అయ్యాయని, ఈ సంవత్సరానికి దయచేసి వెళ్లి రావలసిందని ఆ ఉత్తరం దొరలకు చెప్పింది. పంపేముందు అతను ఇంకోసారి చదువుకున్నాడు. కామాలు సరిగ్గా ఉన్నాయి, క్రియలు సరిగ్గా ఉన్నాయి. అర్థం ఒక్కటే తిరగబడింది.

ఆ వారాంతంలో తంతి వచ్చింది. తంతి అంటే చావు కబురని ఆ వీధిలో అందరికీ తెలుసు. తంతి జవానును చూడగానే శెట్టి భార్య రాజ్యలక్ష్మమ్మ గోడకు ఆనుకుని ఏడ్వడం మొదలుపెట్టింది. పక్కింటివాళ్లు వచ్చి కలిశారు. ఎవరు పోయారని అడిగితే ఎవరికీ తెలియదు. దావీదురాజు భోజనానికి పోయాడు, ఇంగ్లీషు చదివేవాళ్లు ఇంకెవరూ లేరు.

"ఆ పిల్లోన్ని రానీండి" అంది నాగరత్నమ్మ. "ఎవురి పేరు పెట్టి ఏడ్చాల్నో తెలుస్తాది."

దావీదురాజు పరుగెత్తుకుంటూ వచ్చి చదివాడు. సరుకు నిండుగా ఉన్నందుకు కంపెనీకి చాలా సంతోషం. పిలిచినందుకు కృతజ్ఞతలు. మిగతా జిల్లాల్లో కాపు దెబ్బతిన్నందువల్ల ఉన్నదంతా తామే కొంటారు. ఏజెంటు హాకిన్సు దొర స్వయంగా వస్తున్నాడు.

ఎవరూ పోలేదని తెలిశాక వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుని, మజ్జిగ తాగి వెళ్లిపోయారు. శెట్టి మాత్రం అప్పుడు ఏడ్చేవాడిలా కూర్చున్నాడు.

"వాన్ని ఎవురప్పా పిల్చింది?"

"మనమే శెట్టిగారూ. పోయిరాండి అన్నాం కదా."

"పోయిరాండి అంటే రావద్దని."

"తెలుగులో రావద్దని. ఇంగ్లీషులో పోవాల, మళ్లా రావాల."

ఆ సమయానికి బండ్ల వలి సాహెబ్ అరుగు చివర కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆత్మకూరు నుంచి కర్నూలుకు సరుకు తోలే బండ్లు చాలావరకు అతనివే. ఆ పొద్దున చింతపండు దించి, ఎడ్లకు రెండు రోజులు విశ్రాంతి ఇద్దామనుకున్నాడు.

"ఏం శెట్టీ, దొర అంతా కొంటాడంటనా? నీ దగ్గర ఎంతుండాది?" అని అడిగాడు.

శెట్టి లోపలికి చూశాడు. నాగరత్నమ్మ ఇటే చూస్తోంది. "నిండుకున్నాయప్పా సాయిబూ" అన్నాడు.

"అట్లనా" అన్నాడు వలి సాహెబ్. చుట్ట ఆర్పి చెవిలో పెట్టుకుని, లేచి వెళ్లి ఎడ్లను కట్టాడు. ఆ మాటను సరిగ్గా అర్థం చేసుకున్నవాడు ఈ కథ మొత్తం మీద అతనొక్కడే. శెట్టి దగ్గర కాయలు లేవు, దొరకు కాయలు కావాలి, ఆత్మకూరులో ధర పెరిగేదాకా అమ్మమని కాయలు దాచుకున్నవాళ్లు ఎవరెవరో అతనికి తెలుసు. ఎక్కడికి పోతున్నదీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

శెట్టికి అప్పుడు వేరే దిగులు. ఇంత దూరం వచ్చిన దొర ఖాళీ గోదాము చూస్తే, మరుసటి ఏడు కంపెనీ మొహం చూడదు. "వాన్ని ఆపాల. తంతి కొట్టు. యాపారం కొండెక్కింది. పోయిరాండి. అంతే రాయి."

"ఆ పోయిరాండి మళ్లీ వద్దు శెట్టిగారూ. దాంతోనే కదా వచ్చింది తంటా."

"కంపెనీ దొరకు తంతి పంపుతా, మర్యాద లేకుండా పంపుతామా?"

"కొండెక్కింది అనేది గూడా..."

"నువ్వు రాస్తావా, నేను ఇంకొకన్ని చూసుకోల్నా?"

దావీదురాజు రాశాడు. తంతి ఆఫీసు గుమాస్తా దాన్ని చదివి, "మీ శెట్టిగారు శ్రీశైలం పోతాండారా?" అని అడిగాడు. మద్రాసులో కూడా దాదాపు అట్లాగే అనుకున్నారు. సరుకు కొండ మీద ఉందని, శెట్టి మళ్లీ రమ్మంటున్నాడని వాళ్లకు అర్థమైంది. ఆ సాయంత్రమే జవాబు వచ్చింది. కొండకు కావలసిన డేరా, బూట్లు దొర వెంట తెస్తున్నాడు.

దొర వచ్చే రోజు పొద్దున శెట్టి దావీదురాజును పిలిచాడు. "నీ తప్పు ఉండాదని నేను అనను. కానీ నువ్వొచ్చినాక కాగితాలు కాళ్లొచ్చి తిరుగుతాండాయి. నువ్వింక పోయిరాప్పా."

దావీదురాజు తెలుగువాడే కాబట్టి ఆ మాటకు అర్థం తెలుసు. పెట్టె సర్దుకుని స్టేషనుకు నడిచాడు. కడపలో ఏం చెప్పాలో దారి పొడవునా వాక్యాలు కట్టుకున్నాడు. ఎట్లా కట్టినా కర్త తానే అవుతున్నాడు, క్రియ పోవడమే అవుతోంది.

అతను ఎక్కవలసిన రైల్లోంచే హాకిన్సు దొర దిగాడు. ఎర్రటి మొహం, మోకాళ్ల దాకా బూట్లు, వెనక డేరా మోస్తూ ఇద్దరు కూలీలు. దొర మద్రాసులో ఒక పండితుడి దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. అది పుస్తకాల్లో తప్ప మనుషుల నోట వినిపించే తెలుగు కాదు.

"పెద్దసుబ్బయ్య శ్రేష్ఠిగారి గృహమునకు మార్గమెయ్యది?" అని దొర అక్కడున్నవాళ్లను అడిగాడు. హరికథ మొదలవుతుందేమోనని కొందరు దగ్గరికి వచ్చారు. దారి మాత్రం ఎవరూ చెప్పలేదు.

దావీదురాజు చెప్పాడు, అదీ ఇంగ్లీషులో. దొర అతన్ని పైనుంచి కిందికి చూసి, "శ్రేష్ఠిగారి లేఖలు వ్రాయువాడవు నీవేనా? నన్ను తీసుకొని పొమ్ము" అన్నాడు. రైలు కూత వేసింది. దావీదురాజు ఒకసారి రైలు వైపు, ఒకసారి డేరా వైపు చూశాడు. శెట్టి తనను పోయిరమ్మన్నాడు. పోవడం అయింది. పెట్టె నెత్తిన పెట్టుకుని, దొర ముందు నడిచాడు.

గోదాము ముందు అతన్ని చూసి శెట్టి పళ్లు కొరికాడు. "వీడు మళ్లీ వచ్చినాడేందమ్మా?"

"నువ్వే కదా పోయిరా అన్నావు" అంది నాగరత్నమ్మ. "పోయినాడు, వచ్చినాడు." దొరను చూడాలని ఆమె గోదాము గట్టు మీద ముందే చోటు చేసుకుని కూర్చుంది.

తలుపు తీశారు. దొర లోపలికి వెళ్లి, నాలుగు మూలలూ తిరిగి, బయటికి వచ్చాడు. "ఫలములు నిండుకొన్నవని వ్రాసితిరి. ఇచ్చట ఒక ఎలుక మాత్రము కలదు."

"నిండుకున్నాయి దొరా" అన్నాడు శెట్టి, చేతులు కట్టుకుని.

"ఎచ్చట?"

"ఈడనే దొరా."

దొర మళ్లీ లోపలికి వెళ్లి, ఈసారి పైకప్పు కూడా చూసి వచ్చాడు. శెట్టి ఇంకో మాట వెతికాడు. "యాపారమే కొండెక్కింది దొరా" అన్నాడు.

"ఏ కొండ? శ్రీశైలమా, అహోబిలమా? డేరా తెచ్చియున్నాను."

శెట్టి తల్లి వైపు చూశాడు. ఆమె కదలలేదు. దొర ఇక తెలుగు వదిలేసి దావీదురాజు వైపు తిరిగి, ఇంగ్లీషులో ఒక్కటే అడిగాడు. కాయలు ఉన్నాయా, లేవా?

"ఆ 'నో' అనేది నాకు తెలుసప్పా" అంది నాగరత్నమ్మ గట్టు మీద నుంచి. "ముందోడు అదే అనె."

దావీదురాజు నోరు తెరిచాడు. ఉన్నాయంటే అబద్ధం. లేవంటే ఉద్యోగం పోతుంది, దాంతో కాగితం పోతుంది, కాగితంతో కృపమణి పోతుంది. తెరిచిన నోటితో ఏదో ఒకటి అనాలి. "దొరగారూ, మాట శెట్టిగారిది, వ్యాకరణం నాది. రెండింట్లోనూ తప్పు లేదు" అన్నాడు.

"అయినచో ఫలములెచ్చట?"

వీధి చివర ఎడ్ల గజ్జెల మోత వినిపించింది. వరుసగా బండ్లు వస్తున్నాయి. మొదటి బండి గోదాము ముందు ఆగినప్పుడు చివరిది ఇంకా వీధి మలుపు తిరగలేదు. వలి సాహెబ్ నొగ మీద నుంచి దూకాడు.

"తలుపు తెర్చే ఉండాదే, మంచిదాయె" అన్నాడు. "దించండప్పా."

"ఇదేంది సాయిబూ?" అన్నాడు శెట్టి.

"నువ్వే చెప్తివి కదా నిండుకున్నాయని. దొర వస్తాడు, నీ దగ్గర లే..." నాగరత్నమ్మ తలెత్తింది. వలి సాహెబ్ మాట మింగి, మళ్లీ చెప్పాడు. "నీ దగ్గర నిండుకుని ఉండాయి కదా అని, ఆత్మకూరులో దాచిపెట్టుకున్నోళ్ల ఇండ్లకన్నిటికీ పోతి. ధర దొర ముందరనే మాట్లాడుకుంటామని చెప్పినారు. దోవలో ఒక బండి ఇరుసు ఇరిగె, లేకుంటే రాత్రే వచ్చుందుము."

మధ్యాహ్నానికి గోదాము తలుపు దాకా నిండింది. దొర ఒక కాయ పగలగొట్టి రంగు చూశాడు, ఇంకోటి నాలుక మీద పెట్టుకుని వగరుకు మొహం చిట్లించాడు. సరుకు మంచిదని దాంతో అందరికీ తెలిసింది. ధర కుదిరింది. దొర జేబులోంచి శెట్టి రాయించిన ఉత్తరం తీసి చదివాడు, గోదాము చూశాడు, మళ్లీ ఉత్తరం చూశాడు.

"పదేండ్లుగా వర్తకుల లేఖలు చదువుచున్నాను. నిండినవని వ్రాసిన చోట నిండియుండుట ఇదే మొదలు. ఈ లేఖకుని విడువవలదు, శ్రేష్ఠీ" అన్నాడు. డేరా విప్పే పని లేకపోయినందుకు మాత్రం కొంచెం చిన్నబోయి, సాయంత్రం రైలుకే వెళ్లిపోయాడు.

దొర మాట శెట్టికి వేదం. దావీదురాజు పెట్టె మళ్లీ అరుగు కిందికి చేరింది. మరునాడు పొద్దున అతను డెస్కు ముందు కూర్చుని, గొంతు తగ్గించి, "నా కాగితం శెట్టిగారూ. కడపకు" అన్నాడు.

"దానికేమప్పా. ఇంగిలీసులోనే రాసుకో, మీ మామ బెదురుతాడు. నేను చెప్తాను." శెట్టి ఆ పొద్దున మంచి హుషారుగా ఉన్నాడు. "పిల్లోడు శానా మంచోడు. తెలివైనోడు. ఇట్లాంటోడు ఈ జిల్లాలో..."

నాగరత్నమ్మ గడప లోపల దగ్గింది. "బతికుండే మనిషిని అట్ల పొగుడుతా కాగితం మీద పెడతారా? దిష్టి తగలదా? పెండ్లి కావాల్సిన పిల్లోడు."

శెట్టి తల ఊపాడు. అది నిజమే అనిపించింది. "అట్లయితే అది కొట్టేసి ఇది రాయి. ఏదో ఉండాడు. పని పర్వాలేదు. ఇప్పటికి ఉంచుకోని ఉండాము. అంతే."

దావీదురాజు కలం గాలిలో నిలిచిపోయింది. జ్ఞానరాజు కళ్లద్దాలు సర్దుకుని "ఏదో ఉండాడు" అని చదవడం, తరువాత ఆ రెండో సంబంధం వాళ్లకు కబురు పంపడం అతనికి కళ్లకు కట్టినట్టు కనిపించింది. శెట్టి మనసులో ఉన్నది మొదట చెప్పిందే. రెండోసారి చెప్పింది దిష్టికి చెప్పింది. ఇంగ్లీషు కాగితానికి దిష్టి ఎందుకని అతను అనుకున్నాడు. దేవతల మాట వేరు, దిష్టికి మాత్రం ఇంగ్లీషు వచ్చని నాగరత్నమ్మ ఎప్పుడూ అనలేదు. కలం దించి రాయడం మొదలుపెట్టాడు. చాలాసేపు రాశాడు.

"నేను మూడు మాటలే చెప్తి. ఇంత పొడుగుండాదేమి?" అన్నాడు శెట్టి.

"ఇంగ్లీషులో అవే మాటలు చోటు ఎక్కువ పడతాయి శెట్టిగారూ."

శెట్టి కింద తెలుగులో సంతకం చేశాడు. నాగరత్నమ్మ నాలుగు మూలలా పసుపు పెట్టి ఇచ్చింది.

కడపలో జ్ఞానరాజు ఆ కాగితం రెండుసార్లు చదివి, ఆ వేసవిలోనే పెండ్లి చేశాడు. ఇంత గొప్ప గుమాస్తాకు శెట్టి జీతం ఎందుకు పెంచడం లేదని మాత్రం అల్లుడిని కనిపించినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాడు.